మామగారి ఆట, కోడలి అప్‌డేట్

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. మంచినీళ్ల క్యాను ఎవరి చేతిలో ఖాళీ అయితే వాళ్లే నింపాలి. చట్టం చేసింది అత్తగారు. ఇంటిల్లిపాదీ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు కాబట్టి ఆ క్యాను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అడుగున రెండు గుక్కల నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. దాహమేసి వచ్చినవాళ్లు క్యాను వంచి చూసి, పావు గ్లాసు తాగి, మిగతా దాహాన్ని దిగమింగుకుని వెళ్లిపోతారు.

కంప్యూటర్‌కీ అదే చట్టం. 'అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడు చేయాలా, తర్వాత గుర్తుచేయాలా' అనే కబురు ఎవరు కూర్చున్నప్పుడు వస్తే వాళ్లే దాని సంగతి చూడాలి. కోడలు ఆ ఇంటికి వచ్చేనాటికి ఆ కబురు రావడం మొదలై చాలాకాలమైంది. ఎవరి పద్ధతి వాళ్లకి కుదిరిపోయింది కూడా.

మరిది పాటలు కలిపి కొత్త పాటలు చేస్తుంటాడు. కబురు రాగానే 'తర్వాత' అన్నదాన్ని నొక్కేస్తాడు. ఆ నొక్కడం కోసం పాట ఆపడు, తలాడించడం కూడా ఆపడు. అత్తగారు అల్లిక వీడియోలు చూస్తారు. కబురు రాగానే ఆవిడకి పొయ్యి మీద ఏదో పెట్టినట్టు గుర్తొస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్లి, ఏమీ లేని పొయ్యిని ఒకసారి చూసి, ఇంకెవరైనా కుర్చీలో కూర్చునేదాకా అక్కడే ఉంటారు.

మామగారి పద్ధతి అన్నిటికన్నా పకడ్బందీ. ఆయన లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. పనిచేయని బటన్ మీద తెల్ల టేపు అతికించడం ఆయనకి ఉద్యోగమంతా అలవాటు. కబురు వచ్చేది తెరకి కుడివైపు కింది మూల. ఆ మూల మీద టేపు ముక్క అతికించేశారు. కబురు వస్తూనే ఉంది, టేపు వెనక.

కోడలి భర్త కోల్డ్ స్టోరేజీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు కాబట్టి అతన్ని ఈ చట్టం నుంచి మినహాయించారు.

కోడలు వచ్చిన కొత్తలో ఒకరోజు టేపు వెనక నీలంగా ఏదో వెలగడం చూసి, అంచు కొంచెం పైకెత్తి, ఆ కబురు మొదటి నుంచి చివరి దాకా చదివింది. దాన్ని పూర్తిగా చదివినవాళ్లలో ఆమే మొదటిది. "ఇది నొక్కనా?" అని అడిగింది. మూడు గదుల్లోంచి మూడు గొంతులు ఒక్కసారే "వద్దు" అన్నాయి. టేపు మళ్లీ అతికించేసింది.

ఆ తర్వాత ఆమెకి ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే, చేతిదాకా వచ్చింది. చెవులు వినపడని విద్యార్థుల కోసం పాఠాల వీడియోలు విని, అందులోని మాటల్ని తెర కింద అక్షరాలుగా పెట్టే పని. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అంతకుముందు ఆమె వెళ్లిన ఇంటర్వ్యూలన్నీ ఒకే తీరుగా ముగిశాయి. ఆమె గొంతు పెగిలేలోపు అవతలివాళ్లు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయేవారు. ఈ పనిలో మాట్లాడక్కర్లేదు. వినాలి. వినడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేరు.

శనివారం సాయంత్రం వాళ్ల ప్రోగ్రాం ఇంట్లో కంప్యూటర్‌లో వేసి చూసింది. ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ సిస్టమ్ చాలా పాతది, ముందు అప్‌డేట్ చేసుకోండి అని. ఫోన్ చేస్తే ఆఫీసు మేడం మర్యాదగానే చెప్పింది. "సోమవారం పొద్దున్నకల్లా సరిచేసుకుంటే ఉద్యోగం మీదేనమ్మా. లేకపోతే మీ తర్వాత ఉన్నావిడకి ఇచ్చేస్తాం. ఆవిడ కంప్యూటర్ కొత్తదట. ఒకటి చెప్తున్నా, ఇన్నేళ్లవి బాకీ ఉన్నాయంటే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఒక పూట పడుతుంది. ఆలస్యం చెయ్యకండి."

ఆదివారం పొద్దున అందరూ టిఫిన్ దగ్గర ఉండగా కోడలు గొంతు సవరించుకుంది.

"కంప్యూటర్ అప్‌డేట్ చెయ్యాలండీ. లేకపోతే ఉద్యోగం రాదు."

స్పూన్లు ఆగిపోయాయి.

"వదినా, అది చాలా డేంజర్," అన్నాడు మరిది. "నా ఫ్రెండొకడు చేశాడు."

"ఏమైంది?"

"అప్‌డేట్ అయింది."

"తర్వాత?"

"బటన్లన్నీ వేరే చోటికి వెళ్లిపోయాయి. వాడు ఇంకా తేరుకోలేదు."

"నా వీడియోలు పోతాయా?" అన్నారు అత్తగారు.

"అవి కంప్యూటర్‌లో లేవు అత్తయ్యగారూ, ఇంటర్నెట్‌లో ఉంటాయి."

"ఎక్కడుంటే నాకేంటమ్మా. పోతాయా, పోవా?"

"పోవు."

"అయితే శుభ్రంగా చేసుకో. ఉద్యోగం కన్నా ఎక్కువా?"

ఇక అందరూ మామగారి వైపు చూశారు. ఆయన రొట్టె నములుతున్నారు. ఎప్పుడో మింగేసిన రొట్టెని కూడా నములుతున్నారు.

"ఆట ఉంది కదా," అన్నారు చివరికి.

ఆట సంగతి కోడలికి తెలుసు. ఆ ఇంట్లో అడుగుపెట్టినవాళ్లెవరికైనా గ్యాస్ మీట ఎక్కడుందో చెప్పకముందే ఆ సంగతి చెప్తారు. మామగారు రిటైరైన మర్నాడు కంప్యూటర్‌తో చదరంగం మొదలుపెట్టారు. పాతకాలపు ఆట అది. మధ్యలో ఆపి దాచుకునే ఏర్పాటు లేదు. కంప్యూటర్ ఆపితే ఆట పోతుంది. అందుకని ఆ కంప్యూటర్‌ని ఆ రోజు నుంచి ఆపలేదు. నిద్రపుచ్చుతారు, లేపుతారు, అంతే. కరెంటు పోతే ఆదుకోడానికి పెద్ద బ్యాటరీ డబ్బా కొన్నారు. రోజూ సాయంత్రం మామగారు ఆ బల్ల ముందు కాసేపు కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తారు. ఆ కాసేపూ ఇంట్లో మిక్సీ వెయ్యరు.

"మీ ఆట ఎప్పటికి తెములుతుందండీ?" అన్నారు అత్తగారు.

"ఆలోచిస్తున్నాను కదా."

"ఆలోచించడం చూస్తూనే ఉన్నాం. ఎత్తు వెయ్యడం చూడలేదు."

"తొందరపడినవాడు ఓడిపోతాడే."

"మరి మీరు గెలిచారా?"

"ఓడిపోలేదుగా," అన్నారు మామగారు, ప్లేటు తీసుకుని లేస్తూ.

కోడలు ఆయన వెనకే వెళ్లింది. "మామయ్యగారూ, ఏ బంటు ఏ గడిలో ఉందో కాగితం మీద రాసుకుంటాను. అప్‌డేట్ అయ్యాక మళ్లీ అలాగే పేర్చి ఆడుకోవచ్చు. ఆట ఎక్కడికీ పోదు."

"నీకు ఈ ఆట వచ్చా?" అన్నారాయన, నడక ఆపి.

"బడిలో వానపడితే డ్రిల్లు మాస్టారు ఆడించేవారండీ. కొంచెం వచ్చు."

ఆ బడిలో ఉన్నది ఒక్కటే బోర్డు. ఒక ఏనుగు పోతే దాని స్థానంలో సుద్దముక్క నిలబెట్టేవారు. ఆడేది ఇద్దరైతే చుట్టూ మూగేది ముప్ఫైమంది. ఆడే వంతు రానివాళ్లు చూసి నేర్చుకోవాలి. కోడలి వంతు ఎప్పుడో గానీ వచ్చేది కాదు, అందుకని బాగా నేర్చుకుంది.

మామగారు ఇష్టంగా ఏమీ కాదు గానీ తెర లేపారు. కోడలు టేపు తీసి పక్కన పెట్టి, కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. మొదటి వరస రాసింది. రెండో వరస రాసింది. మూడో వరస దగ్గర పెన్సిలు ఆగింది.

మామగారి తెల్లరాజు మూలకి చేరుకుని ఉన్నాడు. అతనికి చెక్ చెప్పి ఉంది. తప్పుకోడానికి ఒకే ఒక్క గడి ఉంది. ఆ గడిలోకి వెళ్తే అవతలి ఏనుగు నేరుగా కిందికి దిగుతుంది. దిగిందంటే ఇక ఎత్తు లేదు. ఆలోచించడానికి అక్కడ ఏమీ లేదు. ఇన్ని సాయంత్రాలుగా ఆయన చెయ్యి పెట్టుకుని చూస్తున్నది ఆ ఒక్క గడినే. అందులో అడుగు పెట్టనంతకాలం ఆయన ఓడిపోలేదు.

గదిలో బ్యాటరీ డబ్బా ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

"ఏమంటావ్?" అన్నారు మామగారు, కిటికీ వైపు చూస్తూ.

"కష్టంగా ఉందండీ."

"ఎవరికి?"

కోడలు కాసేపు ఆలోచించింది. "ఇద్దరికీ," అంది.

మామగారు ఆ జవాబుని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నారు. తర్వాత చెయ్యి చాచి ఆమె రాసిన కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"ఈ కాగితాలూ గీగితాలూ ఎందుకులే. అప్‌డేట్ చేస్తే ఆట పోతుందన్నావ్ కదూ?"

"పోతుందండీ."

"మొత్తంగానా?"

"మొత్తంగానే."

"మళ్లీ తీసుకురావడం ఎవరివల్లా కాదు?"

"ఎవరివల్లా కాదు."

"ఆ ఆట చేసిన కంపెనీవాళ్లు వచ్చినా?"

"వాళ్లు వచ్చినా కాదండీ."

"అయ్యయ్యో," అన్నారు మామగారు. ఆయన మొహంలో అంత వెలుగు కోడలు తన పెళ్లిలో కూడా చూడలేదు.

హాల్లోకి వెళ్లి నిలబడ్డారు. "నేను బాగా ఆలోచించాను. ఆట వదిలేస్తున్నాను. గెలిచే ఆట. అయినా పిల్ల ఉద్యోగం కన్నా నాకు ఆట ఎక్కువ కాదు."

ఆ ఒక్క మాట 'గెలిచే ఆట' అనకుండా ఉండుంటే అప్‌డేట్ మధ్యాహ్నానికల్లా అయిపోయేది.

అత్తగారు అల్లిక పక్కన పెట్టి కళ్లజోడు తీశారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్ల ఆటండీ. గెలిచేది ముందు పెట్టుకుని వదిలేస్తారా?"

"నాన్నా, నువ్వు గ్రేట్," అన్నాడు మరిది. అంతటితో ఊరుకోలేదు. లోపలికెళ్లి తెర చూసొచ్చాడు. వాడికి చదరంగంలో తెలిసిందల్లా గుర్రం వంకరగా నడుస్తుందని. కానీ లెక్కపెట్టడం వచ్చు. తెర పక్కన చచ్చిన బంట్లు కుప్పగా కనిపిస్తాయి. "అమ్మా, అవతలివాడివి బోలెడు చచ్చాయి. నాన్నవి నాలుగంటే నాలుగే. గెలుపు గ్యారంటీ. ఇక్కడిదాకా వచ్చి వదలడం ఏంటి?"

"అదే నేననేది. ఏవండీ, గెలిచేసి అప్పుడు చేయించండి. ఎంతసేపు పడుతుంది?"

"అబ్బే, వద్దులే," అన్నారు మామగారు. "దానికి టైం పడుతుంది."

"పట్టనివ్వండి. మేమూ కూర్చుంటాం."

మాట అనడమే ఆలస్యం, మరిది డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీలు మోసుకెళ్లి కంప్యూటర్ ముందు వరసగా వేశాడు. అత్తగారు పై అంతస్తాయన్ని కూడా పిలుద్దామన్నారు. మామగారు ఆ ఒక్కటి మాత్రం పడనివ్వలేదు. ఆయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. అత్తగారు కుడిపక్క, మరిది ఎడమపక్క. కోడలు వెనక నిలబడింది.

మామగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. అందరూ చూస్తున్నారు. చాలాసేపు చూశారు. మధ్యలో మరిది టీ పెట్టుకొచ్చాడు. తాగారు. మామగారు రెండో చెయ్యి మార్చి పెట్టుకున్నారు.

గోడ మీద ఎండ బీరువా దాటి తలుపు మీదికి వచ్చింది. ఒక పూట పడుతుందని ఆఫీసు మేడం చెప్పిన మాట కోడలి చెవిలో తిరుగుతోంది. ఇప్పుడు మొదలుపెడితే రాత్రికి అవుతుంది. ఇంకాసేపు పోతే సోమవారం పొద్దున తెర మీద సగం చక్రం తిరుగుతూ ఉంటుంది, ఉద్యోగం కొత్త కంప్యూటర్ ఉన్నావిడ ఇంటికి వెళ్లిపోతుంది. నిజం చెప్పేస్తే క్షణంలో తేలిపోతుంది. వెనకనుంచి ఆమెకి మామగారి మెడ కనపడుతోంది. ఫ్యాను కిందే ఉన్నా చెమట పట్టి ఉంది.

"నాన్నా, వెయ్యి నాన్నా. ఏదో ఒకటి," అన్నాడు మరిది.

"వెయ్యండీ," అన్నారు అత్తగారు, ప్రేమగా.

మామగారి చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. బాణం గుర్తు మెల్లగా కదిలి రాజు మీదికి వచ్చి నిలబడింది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి కోడలి వైపు చూశారు. పెద్దవాళ్లు అలా చూడగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

కోడలు ముందుకి వంగి, మౌస్ మీదున్న ఆయన చేతి మీద తన చెయ్యి వేసి, బాణాన్ని కుడివైపు కింది మూలకి లాక్కెళ్లి, 'ఇప్పుడే' అన్నదాన్ని నొక్కింది. ఆయన చెయ్యి అడ్డుకోలేదు. కొంచెం సాయం కూడా పట్టిందేమో, ఆమెకి సరిగ్గా తెలియలేదు.

బంట్లు, గడులు, రాజు, చచ్చిన కుప్ప అన్నీ ఒక్కసారే మాయమయ్యాయి. నీలం తెర మీద అక్షరాలు వచ్చాయి. పని జరుగుతోంది, కంప్యూటర్‌ని ఆపకండి.

మరిది "వదినా!" అన్నాడు.

"ఇదేం పనమ్మా?" అన్నారు అత్తగారు. "ఇంకో గంట ఆగలేకపోయావా? గెలిచే ఆట!"

"టైం అయిపోతోందండీ," అంది కోడలు. ఆ ఇంటికి వచ్చాక ఆమె గొంతు అంత గట్టిగా వినపడింది అదే మొదటిసారి.

"పోనీలెద్దూ," అన్నారు మామగారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నవారిలా ఉన్నారు. "చిన్నపిల్ల. దాని అవసరం దానిది. నాకేం బాధ లేదు."

ఆయన పెద్దమనసు చూసి అత్తగారికి ఇంకా కోపమొచ్చింది, కోడలి మీద.

కబురు పైకి వెళ్లింది. సాయంత్రం పై అంతస్తాయన పరామర్శకి వచ్చారు. "గెలుపు ఎంత దూరంలో ఉందండీ?" అని అడిగారు. మామగారు నాలుగెత్తులన్నారు. ఆయన వెళ్లాక పక్కింటావిడ వచ్చింది. ఆవిడ వచ్చేసరికి రెండెత్తులయ్యాయి. "ఇలా వేస్తే అలా అయిపోయేది," అని చిటికె వేసి చూపించారు. ఇద్దరికీ టీ ఇచ్చింది కోడలే. ఒక్క మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తెర మీద అంకె తొంభై దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది. అది రెండోదట. రెండోది అయ్యాక మూడోది. అత్తగారు అటు వెళ్తూ ఇటు వస్తూ ఆ అంకె వైపు, ఎవరో చేసిన తప్పుకి సాక్ష్యం చూసినట్టు చూసి వెళ్లేవారు. పడుకునేవేళకి చక్రం ఆగింది. కంప్యూటర్ కొత్త మొహంతో లేచింది. కోడలు ఆఫీసు ప్రోగ్రాం వేసి చూసింది. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఆ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించి హాల్లోకి వచ్చింది. అత్తగారు దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

సోమవారం పొద్దున మొదటి వీడియో వచ్చింది. ఎవరో ప్రొఫెసర్ చేపలు ఎలా ఊపిరి తీసుకుంటాయో చెప్తున్నాడు. మాటల మధ్య బాగా దగ్గుతాడు. కోడలు ఆ దగ్గుల్ని వదిలేసి మాటల్ని ఏరుతూ రాస్తోంది. కాసేపటికి వెనక ఎవరో ఉన్నట్టనిపించి హెడ్‌ఫోన్స్ తీసింది. మామగారు కుర్చీ తెచ్చుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"ఎక్కడ పోయిందంటావ్?" అన్నారు, గొంతు తగ్గించి.

ఏది అని ఆమె అడగలేదు. "మీ ఏనుగు ఆ దూరపు మూలన ఒక్కటే ఉంది కదండీ, గుర్రాన్ని కొట్టడానికే వెళ్లుంటుంది. అది ఊరికే దొరికిందనుకునుంటారు. ఏనుగు కదిలాక రాజు పక్కన ఇక ఎవరూ లేరు."

మామగారు కళ్లు మూసుకుని ఆ గడులన్నీ నడిచారు. "అంటే... అప్పటికే?"

"అప్పటికేనండీ."

"ఆ గుర్రాన్ని కొట్టిన రోజు మీ అత్తయ్యకి స్వీటు కూడా తెచ్చాను," అన్నారాయన. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, వంటింట్లోకి వెళ్లారు.

కోడలు హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు.

"ఇదిగో, విను," అన్నది మామగారి గొంతు. "అది గెలిచే ఆట కాదు. నేనెప్పుడో ఓడిపోయాను. ఎత్తు వెయ్యకుండా కూర్చున్నానంతే. ఆ పిల్ల చూసి కూడా చెప్పలేదు. నా పరువు కాపాడింది. దాన్నేమీ అనకు."

గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత అడుగుల చప్పుడు వచ్చింది. అత్తగారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"విన్నావా?" అన్నారు.

"విన్నానండీ."

"నిన్ను నేనేమీ అనకూడదని ఓడిపోయానని కూడా చెప్పుకుంటున్నారు. ఆయన! ఈ జన్మలో ఎక్కడా ఓడిపోయానని ఒప్పుకోని మనిషి." ఆవిడ కంప్యూటర్ వైపు వేలు చూపించారు. "అలాంటి మనిషి ఆట చెరిపేశావమ్మా నువ్వు."

ఆవిడ భుజం వెనక మామగారు నిలబడి ఉన్నారు. నోరు తెరిచారు. చేతులు ఇంత దూరం చాచారు. మళ్లీ దించేశారు.

"నిజమేనండీ, అత్తయ్యగారూ," అంది కోడలు.

"సరేలే. ఆయనే క్షమించాక మధ్యలో నేనెవర్ని," అన్నారు అత్తగారు. "ముందు పని చూసుకో. టీ తాగుతావా?"

"తాగుతానండీ," అంది కోడలు. ప్రొఫెసర్‌ని దగ్గు దాకా వెనక్కి తిప్పి, మళ్లీ వినడం మొదలుపెట్టింది.